నడుం నొప్పికి 44 శాతం: ఇంగ్లండ్ ప్రశ్నావళి ఉత్తరాంధ్రకు వస్తే ఆ అంకెను ఎంతవరకు నమ్మొచ్చు?

నడుం నొప్పితో ఫిజియోథెరపీకి వెళ్తే, బల్ల ఎక్కించే ముందు కొన్నిచోట్ల ఒక కాగితం నింపిస్తారు. ఎంతసేపు కూర్చోగలరు, ఎంత బరువు ఎత్తగలరు, రాత్రి నిద్ర పడుతోందా అంటూ పది అంశాలు ఉంటాయి. చివర్లో ఒక శాతం వేస్తారు. ఆ కాగితం మీద 44 శాతం అని కనిపించగానే శ్రీకాకుళం వైపు మనిషికి ముందు గుర్తొచ్చేది సదరం సర్టిఫికెట్, అంటే వైకల్య ధ్రువపత్రం. "నలభై దాటింది కదా బాబూ, పింఛను రాదేటి?" అని అడుగుతారు. 2025లో దివ్యాంగుల పింఛన్ల పునఃపరిశీలన మొదలయ్యాక శాతం అన్న మాట వినపడితేనే చాలా ఇళ్లలో టెన్షన్.

ఆ రెండు శాతాలకూ చుట్టరికం లేదు. సదరం శాతం ప్రభుత్వ వైద్యులు పరీక్షించి ఇచ్చేది. శరీరంలో శాశ్వతంగా మిగిలిపోయిన లోపాన్ని కేంద్రం ప్రకటించిన మార్గదర్శకాల ప్రకారం అంచనా వేస్తారు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 40 శాతం దగ్గర గీత గీసింది అక్కడే. ప్రశ్నావళి శాతం అలాంటిది కాదు. అది మీరు మీ నోటితో చెప్పిన జవాబుల కూడిక. వచ్చే నెల తగ్గొచ్చు, పెరగొచ్చు. అలా మారుతుంటే పట్టుకోవడానికే దాన్ని తయారుచేశారు.

ఇది తేలికగానే తేలిపోయే గందరగోళం. అసలు చిక్కు వేరే ఉంది. ఇంగ్లండ్‌లో పుట్టిన ప్రశ్నలు పలాసలో రోజంతా జీడిపప్పు పొట్టు తీసే ఆమె నడుముకు సరిపోతాయా? తెలుగులోకి మార్చేస్తే చాలా? "తెలుగులో ప్రామాణీకరించిన ప్రశ్నావళి" అని పరిశోధకులు అన్నప్పుడు సరిగ్గా ఏం చేసినట్టు?

నొప్పి వేరు, నొప్పి వల్ల ఆగిపోయిన పని వేరు

నడుం నొప్పిని కొలవడానికి సులువైన పద్ధతి ఒకటుంది. సున్నా నుంచి పది దాకా ఎంత నొప్పి అని అడగడమే. కానీ ఏడు అన్న ఇద్దరిలో ఒకరు పొద్దున్నే పొలానికి వెళ్లిపోతారు, మరొకరు మంచం దిగరు. వైద్యానికీ కుటుంబానికీ కావలసింది రెండో సంగతి: నొప్పి వల్ల ఏ పని ఆగింది, ఎంత ఆగింది. ఈ "ఆగడాన్ని" కొలిచేవే వైకల్య ప్రశ్నావళులు.

వీటిలో ఎక్కువగా వాడేవి రెండు. మొదటిది ఓస్వెస్ట్రీ సూచిక. వేల్స్ సరిహద్దు దగ్గర ఓస్వెస్ట్రీ అనే ఊరి ఆసుపత్రిలో 1976లో జాన్ ఓబ్రయన్ మొదలుపెట్టిన పనిని జెరెమీ ఫెయిర్‌బ్యాంక్, ఆయన సహచరులు 1980లో ప్రచురించారు. రెండోది రోలండ్-మోరిస్ ప్రశ్నావళి, 1983 నాటిది. అంతకుముందే ఉన్న 136 ప్రశ్నల పెద్ద ఆరోగ్య ప్రశ్నావళి నుంచి 24 ఏరి, ప్రతిదానికీ "నా నడుం వల్ల" అన్న మాట తగిలించారు. అవును, కాదు అంటే చాలు.

ప్రపంచంలో మనిషిని పనికి దూరం చేసే కారణాల్లో నడుం నొప్పిదే మొదటి స్థానం. 2020లో 61.9 కోట్ల మందికి ఉందని, 2050కి 84.3 కోట్లకు చేరొచ్చని ప్రపంచ వ్యాధి భార అధ్యయనం లెక్కగట్టింది. ఇన్ని భాషల్లో, ఇన్ని దేశాల్లో ఏ వైద్యం పనిచేస్తోందో పోల్చి చూడాలంటే కొలబద్ద ఒక్కటే ఉండాలి. అందుకే ప్రతి భాషా సొంతంగా కొత్త ప్రశ్నావళి రాసుకోకుండా ఉన్నవాటినే తెచ్చుకుంటోంది. ఓస్వెస్ట్రీ ఇప్పటికే హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీల్లోకి వెళ్లింది.

ఆ 44 ఎలా వచ్చింది

ఓస్వెస్ట్రీలో పది విభాగాలు: నొప్పి తీవ్రత, సొంత పనులు చేసుకోవడం, బరువులెత్తడం, నడక, కూర్చోవడం, నిలబడడం, నిద్ర, దాంపత్యం, నలుగురిలోకి వెళ్లడం, ప్రయాణం. ఒక్కోదాంట్లో ఆరు వాక్యాలు. ఇబ్బంది లేదంటే 0, అస్సలు చేయలేనంటే 5. అన్నీ కలిపితే గరిష్ఠం 50. వచ్చిన మొత్తాన్ని 50తో భాగించి నూరుతో గుణిస్తే శాతం.

పలాస జీడి పరిశ్రమలో పనిచేసే ఒకామె జవాబులు ఇలా ఉన్నాయనుకుందాం. నొప్పి 3, సొంత పనులు 1, బరువులు 3, నడక 2, కూర్చోవడం 3, నిలబడడం 2, నిద్ర 1, నలుగురిలోకి వెళ్లడం 2, ప్రయాణం 3. దాంపత్యం గురించిన విభాగం ఖాళీగా వదిలేసింది. ఈ విభాగాన్ని వదిలేయడం ఇక్కడి విడ్డూరం కాదు, చాలా దేశాల్లో ఎక్కువగా ఖాళీ పడేది అదే. అందుకు నియమం ఉంది: ఒక విభాగం వదిలేస్తే 50కి బదులు 45తో భాగించాలి. ఆమె మొత్తం 20. ఇరవైని 45తో భాగిస్తే 44 శాతం. తొందరలో ఎవరో 50తోనే భాగిస్తే 40. మనిషి అదే, నడుమూ అదే, నాలుగు పాయింట్లు గాలికి పోయాయి.

అంకెకు అర్థం చెప్పే పట్టిక కూడా 1980 నాటిదే. 20 దాకా స్వల్పం, 40 దాకా మధ్యస్థం, 60 దాకా తీవ్రం, ఆపైన ఇంకా బరువైన మాటలు. 81 నుంచి 100 మధ్య వస్తే ఆ మనిషి మంచాన పడి ఉండాలి లేదా ఎక్కువ చేసి చెబుతూ ఉండాలి అని రాశారు. ఈ గీతలు ఇంగ్లండ్ రోగులను చూసి ఒక వైద్య బృందం గీసుకున్నవి. 41 దగ్గర శరీరంలో ఏదీ తెగిపోదు.

ప్రశ్నావళి కూడా రాతి శాసనం కాదు. మొదటి రూపంలో తొలి విభాగం నొప్పి మాత్రల గురించి ఉండేది. మాత్రలు వేసుకోనివాళ్లు దానికి ఏం జవాబు చెప్పాలో తేలక, తర్వాతి రూపంలో దాన్ని నొప్పి తీవ్రతగా మార్చారు.

ఇద్దరు ఇటు, ఇద్దరు అటు, ఒక కమిటీ

అనువాదానికి ఎక్కువమంది అనుసరించేది 2000లో బీటన్, గిల్లెమిన్, మరో ఇద్దరు పరిశోధకులు ప్రచురించిన క్రమం. తెలుగు మాతృభాషగా ఉన్న ఇద్దరు విడివిడిగా తెలుగు చేస్తారు. ఒకరికి విషయం తెలిసి ఉండాలి, రెండోవారికి వైద్యంతో సంబంధం ఉండకూడదు. వైద్యం తెలిసినవారు "కటి ప్రాంతం" అని రాస్తారు, తెలియనివారు "నడుం" అంటారు. ఈ తేడా బయటపడడం కోసమే ఇద్దరిని పెట్టేది. రెండూ కలిపి ఒకటి చేశాక, అసలు ఇంగ్లిషు చూడని మరో ఇద్దరు దాన్ని తిరిగి ఇంగ్లిషులోకి మారుస్తారు. అప్పుడు వైద్యులు, భాష తెలిసినవారు, అనువాదకులు కూర్చుని మాటమాటా చూస్తారు. వాళ్లు ఒప్పుకున్న రూపాన్ని ముప్పై నలభై మంది రోగులకు ఇచ్చి, ఏం అర్థమైందో అడుగుతారు.

ఈ క్రమంలో తిరుగు అనువాదం మీద పరిశోధకుల్లో వాదం ఉంది. అనుకూలంగా చెప్పేవారి మాట: తెలుగు రాని అసలు రచయితలు తమ ప్రశ్న ఏమైపోయిందో చూసుకోవడానికి అదొక్కటే కిటికీ. వ్యతిరేకించేవారి మాట: మక్కీకి మక్కీ చేసిన కృతకమైన తెలుగే తిరిగి ఇంగ్లిషులోకి చక్కగా వెళ్తుంది, పరీక్ష పాసవుతుంది, కానీ ఊళ్లో ఎవరికీ ఎక్కదు. 2015లో ఇంకో ఆరోగ్య ప్రశ్నావళిపై చేసిన ప్రయోగంలో నాణ్యత పెంచింది నిపుణుల కమిటీయే, తిరుగు అనువాదం కాదని తేలింది. విశేషం ఏమిటంటే ఆ పని చేసినవారిలో బీటన్, గిల్లెమిన్ కూడా ఉన్నారు. తమ క్రమాన్ని తామే పరీక్షకు పెట్టుకున్నారన్నమాట.

కమిటీ గదిలో చిక్కు తెచ్చే ప్రశ్నలు

రోలండ్ ప్రశ్నావళిలో ఒకటుంది: నడుం నొప్పి వల్ల మేజోళ్లు తొడుక్కోవడం కష్టంగా ఉంది. చెప్పులేసుకుని తిరిగే ఊళ్లో ఇదేం ప్రశ్న అనిపిస్తుంది. కానీ అడుగుతున్నది మేజోళ్ల గురించి కాదు, ముందుకు వంగి చేతులు పాదాలకు అందించడం గురించి. అదే కదలికను అడగాలి. కాలి గోళ్లు తీసుకోవడం అందామా? గోళ్లు రోజూ తీసుకోరు, రోలండ్ అడిగేది ఇవాళ్టి సంగతి. పైగా కింద కూర్చుని మోకాలు పైకి లేపి తీసుకుంటే నడుం అంతగా వంగదు. పాదాలకు పసుపు రాసుకోవడం అంటే మగవాళ్లు తప్పుకుంటారు. స్నానం చేసేటప్పుడు వంగి పాదాలు రుద్దుకోవడం అంటే రోజూ ఉంటుంది, ఆడామగా ఇద్దరికీ ఉంటుంది. ఒక్క వాక్యానికి ఇంత తర్జనభర్జన పడాలి.

ఇంకోటి: పడక కుర్చీలోంచి లేవడానికి ఏదో ఒకటి పట్టుకోవాల్సి వస్తోంది. మన దగ్గర చాలామంది కూర్చునేది నేల మీద, పీట మీద. కుర్చీ తీసేసి "నేల మీంచి లేవడానికి" అని మార్చేస్తే ప్రశ్న మనది అవుతుంది, కానీ కొలత మారిపోతుంది. నేల మీంచి లేవడం కుర్చీలోంచి లేవడం కంటే చాలా కష్టం. నడుం బాగానే ఉన్నా మోకాళ్లు అరిగిన పెద్దావిడ "అవును" అంటుంది. నడుం ప్రశ్నావళిలో మోకాలి నొప్పి వచ్చి చేరుతుంది.

ఓస్వెస్ట్రీలో బరువుల విభాగం కూడా అంతే. నేల మీది బరువు ఎత్తలేను గానీ బల్ల మీద అందుబాటులో ఉంటే ఎత్తగలను అని ఒక వాక్యం. ఇక్కడి మనిషి "ఎవరైనా సాయం పట్టి నెత్తిన పెడితే మోస్తాను" అంటుంది. నిజమైన జవాబే. కానీ మూల వాక్యంలో రెండో మనిషి లేడు. బల్లను అరుగు చేయొచ్చు, గట్టు చేయొచ్చు, తోడు మనిషిని మాత్రం చేర్చకూడదు. మైళ్లు, గజాలు కిలోమీటర్లు, మీటర్లు అవుతాయి. అది పెద్ద గొడవ కాదు.

తలనొప్పి తెచ్చేది ఫారం పైన శీర్షిక. "వైకల్య సూచిక" అని పెద్దక్షరాల్లో వేస్తే పింఛను పనే అనుకుని జవాబు చెబుతారు. ఉన్న పింఛను పోతుందేమోనన్న భయం ఒకరికి, కొత్తది రావచ్చన్న ఆశ ఇంకొకరికి. లోపల ప్రశ్నలన్నీ ఎంత బాగా రాసినా అంకె అక్కడే వంకర పోతుంది. "నడుం నొప్పి, రోజువారీ పనులు" అని పెడితే కొలతకు నష్టం లేదు. శీర్షికకు మార్కులు లేవు కదా.

ఉభాల గురించి అడగని ప్రశ్నావళి

వానలు పడి ఉభాలు (వరి నాట్లు) మొదలైతే శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఆడవాళ్లు పొద్దుట నుంచి సాయంత్రం దాకా బురదలో వంగే ఉంటారు. అది కూర్చోవడం కాదు, నిలబడడం కాదు, నడక కాదు. ఓస్వెస్ట్రీ పది విభాగాల్లో వంగి పనిచేయడం అన్నదానికి చోటు లేదు. గొంతుకు కూర్చోవడానికీ లేదు. కాబట్టి కూలికి వెళ్లలేక ఇంట్లో ఉండిపోయిన ఒకామెకు కూర్చోవడంలో 1, నిలబడడంలో 2, నడకలో 1 వచ్చి, మొత్తం మీద "మధ్యస్థం" అని తేలొచ్చు. ఆమె సంపాదన మాత్రం పూర్తిగా ఆగింది. పొందూరులో గుంట మగ్గం మీద నేసేవారిది ఇంకో రకం. "నడుం వల్ల రోజులో ఎక్కువసేపు కూర్చునే ఉంటున్నాను" అన్న రోలండ్ వాక్యానికి ఆయన అవుననే అంటాడు. కూర్చోకపోతే నేత ఎక్కడిది? "నడుం వల్ల" అన్న మాట చెవిన పడకపోతే ఆరోగ్యంగా ఉన్న మనిషికి ఒక మార్కు పడిపోతుంది.

ఒక ప్రశ్నావళి, కొలవవలసిన అంశంలోని ముఖ్యమైన భాగాలన్నిటినీ తాకుతోందా అన్నదాన్ని విషయపరమైన చెల్లుబాటు అంటారు. కోస్మిన్ అనే అంతర్జాతీయ బృందం కొలమానాలను అంచనా వేసే పద్ధతిలో అన్నిటికంటే ముఖ్యమని చెప్పింది దీన్నే. మరి ఉభాల ప్రశ్న చేర్చాలా?

చేర్చకూడదు అనేవారి వాదన తేలిగ్గా తీసేయదగింది కాదు. పది విభాగాలు పదకొండైతే అది ఇక ఓస్వెస్ట్రీ కాదు. హిందీ, తమిళ అధ్యయనాలతో పోల్చలేం. పైగా ఓస్వెస్ట్రీకి హక్కులున్నాయి. ఫ్రాన్స్‌లోని మాపి సంస్థ ద్వారా అనుమతి తీసుకోవాలి, ఇష్టం వచ్చినట్టు మార్చడం కుదరదు. చేర్చాలి అనేవారిదీ బలమైన మాటే. వ్యవసాయ కూలీల జిల్లాలో వంగడాన్ని కొలవని ప్రశ్నావళి, ఎవరికి ఎక్కువ నష్టం జరుగుతోందో వాళ్లనే తక్కువ చేసి చూపిస్తుంది. మధ్యేమార్గం ఒకటి వాడుకలో ఉంది: మూల విభాగాలను కదపకుండా ఉంచి, స్థానిక పనుల ప్రశ్నలు విడి కాగితంగా పెట్టి, వాటి మార్కు వేరుగా చూపడం. లేదా వంగడం గురించి ముందే అడిగే వేరే ప్రశ్నావళిని ఎంచుకోవడం. రోలండ్‌లో వంగకుండా, మోకరిల్లకుండా ఉండేందుకు చూస్తున్నాను అన్న వాక్యం ఉంది. దాన్ని వాడుకోవడానికి రుసుమూ లేదు. నా మటుకు నాకు మన జిల్లాలకు రోలండే నప్పుతుందనిపిస్తుంది, దానికి ఇంకో కారణం కూడా ఉంది.

చదివి నింపాలా, అడిగి నింపాలా

2011 జనాభా లెక్కల ప్రకారం అక్షరాస్యత విజయనగరంలో దాదాపు 59 శాతం, శ్రీకాకుళంలో దాదాపు 62 శాతం. నడుం నొప్పి ఎక్కువగా ఉండే వయసు వాళ్లలో, అందులోనూ ఆడవాళ్లలో, చదవలేనివారు ఇంకా ఎక్కువ. రోగి తనంతట తానే చదివి టిక్కు పెట్టేలా తయారైన ఫారాన్ని ఇక్కడ ఎవరో ఒకరు చదివి వినిపించాలి. ఓస్వెస్ట్రీలో ఒక్కో విభాగానికి ఆరు వాక్యాలు. ఆరోది వినేసరికి రెండోది మరిచిపోతారు. గుర్తున్న ఆఖరి వాక్యాన్నే పట్టుకుంటే మార్కు పైకి పోతుంది, ఎందుకంటే ఆఖరిదే అన్నిటికంటే తీవ్రమైనది. ఒక్కో వాక్యానికి అవును, కాదు అనే పద్ధతి చెవికి సులువు.

చదివి వినిపించేవాళ్లు ఊరికే ఉండరు. "ఏటి, కూకోలేకపోతన్నావా?" అని తమ మాటలో విడమర్చి చెబుతారు. మంచి ఉద్దేశమే, కానీ ఒక్కొక్కరు ఒక్కో రకంగా విడమరిస్తే ఒక్కో రోగికి ఒక్కో ప్రశ్నావళి ఇచ్చినట్టు. దీనికి రెండు దారులు చూపిస్తారు. ఒకటి, రాష్ట్రమంతటికీ అర్థమయ్యే తేలిక వాడుక భాషలో ఒకే రూపం రాసి, అక్షరం మార్చకుండా చదవాలని శిక్షణ ఇవ్వడం. రెండు, ఉత్తరాంధ్ర మాటలో విడి రూపం తయారుచేయడం. రెండోది వినడానికి ఇంపుగా ఉంటుంది గానీ, తెలంగాణకు, రాయలసీమకు, కోస్తాకు విడివిడిగా చేస్తూ పోతే ప్రతిదాన్నీ విడిగా నిరూపించాలి. రూపాలు పెరిగేకొద్దీ ఖర్చు. అనుభవం ఉన్నవాళ్లు మొదటి దారినే పట్టి, ముందస్తు పరీక్షలో మాత్రం అన్ని ప్రాంతాల రోగులనూ కూర్చోబెడతారు. ముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తి జనం మాట్లాడే భాషలో రాయండని పోరాడి వందేళ్లు దాటింది. ఆసుపత్రి ఫారాల్లో గ్రాంథికం ఇంకా మిగిలే ఉంది.

అదే మనిషికి అదే అంకె వస్తుందా

అనువాదం అయ్యాక ప్రామాణీకరణ మొదలవుతుంది. అంటే ఈ తెలుగు కాగితం కొలతగా పనికొస్తుందని అంకెలతో చూపడం. మొదట చూసేది విశ్వసనీయత. నడుం పరిస్థితి మారని మనిషికి రెండుసార్లు ఇస్తే దగ్గర దగ్గర అంకే రావాలి. మధ్యలో ఎడం ఎంత ఉండాలన్నది పేచీ. మర్నాడే ఇస్తే పాత జవాబు గుర్తుంటుంది, రెండు నెలలకు ఇస్తే నడుమే మారిపోతుంది. ఒకటి రెండు వారాలు మామూలుగా పెట్టే గడువు. మొదటిసారి ఉభాల మధ్యలో, రెండోసారి ఉభాలు అయిపోయాక ఇస్తే రెండు వారాల గడువు కూడా పనికిరాదు.

అయిదుగురికి మొదటిసారి 20, 30, 40, 50, 60 వచ్చాయనుకుందాం. రెండోసారి 30, 40, 50, 60, 70. వరస ఏమాత్రం చెదరలేదు కాబట్టి మామూలు సహసంబంధ గుణకం (రెండు వరసలు ఎంత కలిసి నడుస్తున్నాయో చెప్పే అంకె) నిండుగా 1 వస్తుంది. కానీ ప్రతి మనిషికీ పది పాయింట్లు పెరిగాయి. కిరాణా కొట్టు కాటా అందరికీ సమానంగా పావుకిలో ఎక్కువ చూపించినట్టు. అందుకే ఐసీసీ అనే వేరే గుణకం వాడతారు. వరసనే కాదు, అంకె అంకెకు ఎంత దగ్గరుందో కూడా అది చూస్తుంది. పై ఉదాహరణలో అది 0.83కి దిగుతుంది. 0.70 దాటితే పరవాలేదంటారు.

క్రోన్‌బాక్ ఆల్ఫా అని ఇంకో అంకె పత్రాల్లో కనిపిస్తుంది. ప్రశ్నలన్నీ ఒకే దిక్కుకు లాగుతున్నాయా అన్నదానికి సూచన. 0.70 నుంచి 0.95 మధ్య ఉండాలంటారు. ఎక్కువైతే మంచిదే కదా అనుకోవద్దు. ఒకే ప్రశ్నను నాలుగు రకాలుగా తిప్పి అడిగినా ఆల్ఫా ఎగబాకుతుంది. ఆల్ఫా బాగుందని ఒక్క మాట రాసి "ప్రామాణీకరించాం" అనేసే పత్రాలను కొంచెం అనుమానంగానే చూడాలి.

కొలుస్తున్నది నడుమునేనా

"ఎమ్మారై తీయించి దాంతో సరిపోల్చుకుంటే పోలా?" అని చాలామంది అడుగుతారు. సరిపోదు. నొప్పే లేనివాళ్ల స్కానులను సమీక్షించిన 2015 నాటి అధ్యయనంలో, ఇరవై ఏళ్ల వయసులో 37 శాతం మందికి, ఎనభై ఏళ్ల వయసులో 96 శాతం మందికి డిస్కుల అరుగుదల కనిపించింది. స్కానులో మార్పు ఉన్నంత మాత్రాన పని ఆగినట్టు కాదు. పని ఆగడాన్ని కొలవడానికి బంగారు గీటురాయి ఏదీ లేదు.

అందుకని చుట్టుదారి పడతారు. ముందే కొన్ని అంచనాలు రాసి పెట్టుకుంటారు. తెలుగు ఓస్వెస్ట్రీ నిజంగా నడుం ఇబ్బందినే కొలుస్తుంటే, రోలండ్ మార్కుతో గట్టిగా కలిసి నడవాలి. సున్నా నుంచి పది నొప్పి అంకెతో మధ్యస్థంగా కలవాలి. దిగులు, ఆందోళనల మార్కుతో ఇంకొంచెం తక్కువగా కలవాలి. అన్నీ సమానంగా కలిస్తే అనుమానించాలి, మనిషి బాధనంతా కలిపి కొలుస్తోందేమోనని. అంచనాలు ముందే రాయడం ముఖ్యం. ఫలితం చూశాక "మేం అనుకున్నదీ ఇదే" అనడం ఎవరికైనా సులువు.

ఉద్దానంలో ఇంకో మెలిక ఉంది. కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు వైపు దశాబ్దాలుగా కిడ్నీ జబ్బు ఇళ్లిళ్లనూ పట్టి పీడిస్తోంది. కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు. అక్కడ నడుం పక్కన లాగితే మొదటి ఆలోచన కిడ్నీయే, రెండోది డిస్కు. భయంతో బరువెత్తడం మానేసినవాళ్లు, నొప్పి వల్ల మానేసినవాళ్లు ఒకే వాక్యానికి టిక్కు పెడతారు. వెన్ను బొమ్మ గీసి, కింది పక్కటెముకల నుంచి పిర్రల కింది మడత దాకా ఉన్న భాగం చూపించి, నొప్పి ఎక్కడో గుర్తు పెట్టమంటే కొంతవరకు తేలుతుంది. నొప్పి మాత్రలు కిడ్నీకి చెడ్డవని తెలిసి వాటిని ముట్టనివాళ్లు కూడా అక్కడే ఎక్కువగా ఎదురవుతారు. ఓస్వెస్ట్రీ పాత రూపంలోని మాత్రల విభాగం ఉద్దానంలో అసలు నిలబడేది కాదు.

తగ్గిందనాలంటే ఎంత తగ్గాలి

44 వచ్చినామె ఆరు వారాల వ్యాయామం తర్వాత 36కి వచ్చింది. తగ్గినట్టేనా?

ప్రతి కొలతలోనూ కొంత ఊగిసలాట ఉంటుంది. ఒక గుంపు మార్కుల ప్రామాణిక విచలనం (సగటు చుట్టూ మార్కులు ఎంత చెదిరాయో చెప్పే అంకె) 16 అనీ, ఐసీసీ 0.91 అనీ అనుకుందాం. ఒకటిలోంచి 0.91 తీసేస్తే 0.09, దాని వర్గమూలం 0.3, పదహారుతో గుణిస్తే 4.8. ఇది ఒక్కసారి కొలిస్తే ఉండే దోషం. రెండుసార్లు కొలిచి తేడా చూస్తున్నాం కాబట్టి దీన్ని 2.77తో గుణించాలి. దాదాపు 13 వస్తుంది. అంటే 13 కంటే తక్కువ తేడా వస్తే అది నడుం మారినందుకో, ఆ రోజు మూడ్ మారినందుకో చెప్పలేం. 44 నుంచి 36 అంటే ఎనిమిదే. 28కి వస్తే పదహారు, అప్పుడు నమ్మొచ్చు.

ఇదిగాక, రోగికి "ఆ, తేడా తెలుస్తోంది" అనిపించే కనీస మార్పు వేరే లెక్క. 2008లో అంతర్జాతీయ నిపుణులు ఓస్వెస్ట్రీకి అది పది పాయింట్లు, లేదా మొదటి మార్కులో 30 శాతం అని ప్రతిపాదించారు. 44లో 30 శాతం అంటే 13 పైచిలుకు. పది అన్న గీత పట్టుకుంటే చిక్కొకటి వస్తుంది: మనిషికి తెలిసే మార్పు 10, కొలతకు అందే మార్పు 13. పదకొండు తగ్గినామె నిజంగా బాగుపడి ఉండొచ్చు, కాగితం మాత్రం దాన్ని నిరూపించలేదు. వంద మంది సగటు తీస్తే ఊగిసలాటలు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి కాబట్టి పరిశోధనకు పరవాలేదు. ఒక్క రోగి ఫారం చూసి వైద్యం ఆపాలా కొనసాగించాలా అని తేల్చేవాళ్లకు ఇది ఇబ్బందే. పది గీత మన తెలుగు రోగులకూ పదేనా అన్నది మళ్లీ ఇక్కడివాళ్లనే అడిగి కట్టాల్సిన లెక్క.

ఎవరి మీద నిరూపించారు

రెండుసార్లు కొలిచే పరీక్షకు కనీసం యాభై మంది, ప్రశ్నల పొందిక చూడడానికి వంద మంది ఉండాలన్నది వాడుకలో ఉన్న ప్రమాణం. సంఖ్య కంటే ముఖ్యం వాళ్లెవరన్నది. నగరంలో పెద్దాసుపత్రికి వచ్చే వంద మంది ఉద్యోగుల మీద నిరూపించిన తెలుగు రూపం నెల్లిమర్ల జూట్ మిల్లు కార్మికుడికీ అలాగే పనిచేస్తుందని ఊహించుకోలేం.

రోలండ్‌లో మెట్ల గురించే రెండు వాక్యాలున్నాయి. పైకి ఎక్కేటప్పుడు మెట్ల పక్క కమ్మీ పట్టుకుంటున్నాను, ఎప్పటికంటే నెమ్మదిగా ఎక్కుతున్నాను. అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్లు అవునంటారు. పెంకుటింట్లో ఉండేవాళ్లు "మా ఇంటికి మెట్లెక్కడివి?" అంటారు. ఫారంలో దానికి చోటు లేదు, "కాదు" కింద పడుతుంది. రెండు మార్కులు తగ్గి, ఆ మనిషి నడుం బాగున్నట్టు కనిపిస్తుంది. నడుం ఇబ్బంది సమానంగా ఉన్నా రెండు గుంపులు ఒక ప్రశ్నకు వేర్వేరుగా జవాబిస్తున్నాయా అని గణాంక పద్ధతుల్లో పరీక్షించవచ్చు. తేడా తేలితే ఆ వాక్యాన్ని తీసేయడమా, రెండు గుంపులనూ పోల్చకుండా ఉండడమా అన్నది పరిశోధకులు తేల్చుకోవాలి.

ఇచ్ఛాపురం వైపు ఇంట్లో ఒడియా మాట్లాడతారు. 2022 దాకా శ్రీకాకుళం జిల్లాలో ఉన్న సీతంపేట కొండల్లో సవర మాట్లాడతారు. తెలుగు ఫారాన్ని ఆశా కార్యకర్త అప్పటికప్పుడు సవరలోకి మార్చి అడిగితే ఏదో ఒక అంకె తప్పకుండా వస్తుంది. కానీ తెలుగు రూపానికి వచ్చిన ఐసీసీ, తెలుగు రోగులపై కట్టిన పదమూడు పాయింట్ల గీత ఆ అంకెకు వర్తించవు. సవరకు పని మళ్లీ మొదటి ఇద్దరు అనువాదకుల దగ్గరే మొదలుపెట్టాలి.